మైన్‌క్రాఫ్ట్ మాడ్‌లకు ఫ్యాబ్రిక్ టెంప్లేట్: చాలాకాలం వాడాక నా మాట

మైన్‌క్రాఫ్ట్‌కి మాడ్ (గేమ్‌కి కొత్త హంగులు చేర్చే ప్రోగ్రామ్) రాద్దామని కూర్చున్నవాళ్లకి కోడ్ కంటే ముందు అడ్డొచ్చేది సెటప్. జావా, గ్రేడిల్ (కోడ్‌ని బిల్డ్ చేసే సాధనం), లోడర్ (గేమ్‌లోకి మాడ్‌లని ఎక్కించేది), మ్యాపింగ్స్ (గేమ్ కోడ్‌లోని పేర్లకు చదవగలిగే పేర్ల జాబితా)... వీటిలో ఏ రెండింటికి పొత్తు కుదరకపోయినా ఒక్క లైను రాయకముందే ఎర్రర్లు మొదలవుతాయి. ఫ్యాబ్రిక్ అనే లోడర్‌కి ఉన్న ఈ టెంప్లేట్ ఆ గొడవంతా ముందే తేల్చి చేతికిస్తుంది. 1.18 వెర్షన్ నుంచి నా మాడ్‌లన్నీ దీంతోనే మొదలుపెడుతున్నాను. మార్చాలని ఎప్పుడూ అనిపించలేదు.

గిట్‌హబ్‌లోని ఎగ్జాంపుల్ మాడ్‌ని క్లోన్ చేసే బదులు ఫ్యాబ్రిక్ సైట్‌లోని జనరేటర్ వాడండి. మాడ్ పేరు, ప్యాకేజీ, గేమ్ వెర్షన్ ఇస్తే అన్నీ మీ పేర్లతోనే జిప్ వస్తుంది. క్లోన్ చేస్తే ఫోల్డర్లు, క్లాసు, మిక్సిన్ ఫైలు (గేమ్ కోడ్‌లో మనం చేసే మార్పుల జాబితా), మాడ్ వివరాలుండే ఫ్యాబ్రిక్.మాడ్.జేసన్‌లోని ఎంట్రీపాయింట్ (ముందుగా ఏ క్లాసు నడవాలో చెప్పే లైను) అన్నీ చేత్తో మార్చుకోవాలి. క్లాసు పేరు మార్చి ఎంట్రీపాయింట్‌ని పాత పేరుతోనే వదిలేస్తే గేమ్ మొదలవుతూనే క్రాష్ అవుతుంది. మాడ్ ఐడీ మాత్రం తొందరపడి పెట్టకండి. వరల్డ్ సేవ్‌లో మీ వస్తువులన్నీ ఆ ఐడీతోనే నమోదవుతాయి. విడుదల చేశాక దాన్ని మారిస్తే ఆడేవాళ్ల పెట్టెల్లోంచి ఆ వస్తువులు మాయమైపోతాయి.

నాకు అన్నింటికంటే నచ్చింది క్లయింట్ కోడ్‌ని (ఆడేవాళ్ల కంప్యూటర్‌లో మాత్రమే నడిచేదాన్ని) విడిగా ఉంచే ఆప్షన్. జనరేటర్‌లో దాన్ని తప్పకుండా ఆన్‌లో ఉంచండి. స్క్రీన్లు, రెండరింగ్, కీబోర్డ్ మీటలకు సంబంధించిన కోడ్ ఒక ఫోల్డర్‌లో, మిగతాది మెయిన్‌లో ఉంటుంది. మెయిన్‌లోంచి క్లయింట్ క్లాసుని పిలిస్తే కంపైలరే అక్కడికక్కడ ఆపేస్తుంది. ఇది లేకపోతే వచ్చే చిక్కు అంత తేలిగ్గా దొరకదు. ఒంటరిగా ఆడుతున్నప్పుడు క్లయింట్ క్లాసులు కూడా అదే ప్రాసెస్‌లో ఉంటాయి కాబట్టి మాడ్ చక్కగా నడుస్తుంది. అదే జార్‌ని (బిల్డ్ అయిన మాడ్ ఫైలుని) ఎవరైనా డెడికేటెడ్ సర్వర్‌లో, అంటే స్క్రీన్ లేకుండా విడిగా నడిచే సర్వర్‌లో పెడితే, అక్కడ ఆ క్లాసులే ఉండవు కనుక సర్వర్ కూలిపోతుంది. మన మెషీన్‌లో ఎంత వెతికినా కారణం కనిపించదు.

వెర్షన్లన్నీ గ్రేడిల్.ప్రాపర్టీస్‌లో ఒకేచోట ఉండటం రెండో సుఖం. మాడ్ వెర్షన్ అక్కడ మారిస్తే బిల్డ్ అయ్యేటప్పుడు జేసన్‌లోకి దానంతటదే వెళ్తుంది. కొత్త గేమ్ వెర్షన్‌కి వెళ్లాలన్నా ముందు మార్చేది అక్కడి కొన్ని లైన్లే. కానీ పని అంతటితో అయిపోతుందని అనుకోవద్దు. 1.20.5కి జావా 17 సరిపోదు, 21 కావాలి. పైగా వస్తువుల అదనపు సమాచారాన్ని దాచే ఎన్‌బీటీ స్థానంలో కాంపొనెంట్లు అనే కొత్త పద్ధతి వచ్చింది కాబట్టి ఎన్‌బీటీ మీద ఆధారపడ్డ కోడ్ మళ్లీ రాసుకోవాల్సిందే. అందులో టెంప్లేట్ చేయగలిగిందేమీ లేదు.

మొదటిసారి ప్రాజెక్ట్ తెరిచినప్పుడు గేమ్‌నీ లైబ్రరీలనీ దించుకుని సిద్ధం చేస్తుంది, కాస్త ఓపిక పట్టాలి. ఆ తర్వాత జెన్‌సోర్సెస్ టాస్క్ నడిపితే గేమ్ కోడ్‌నే తెరిచి చదువుకోవచ్చు. ఒక బ్లాక్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి దానికి మించిన పాఠం నాకు దొరకలేదు. మన మాడ్‌తో గేమ్‌ని తెరిచే రన్‌క్లయింట్ టాస్క్‌ని డీబగ్ మోడ్‌లో నడిపితే మెథడ్ లోపలి మార్పులు గేమ్ మూయకుండానే పడతాయి. మాబ్ (గేమ్‌లోని జీవి) వేగం లాంటివి సరిచూసుకునేటప్పుడు ఎంత హాయో!

నియోఫోర్జ్ అనే మరో లోడర్‌కి కూడా అదే కోడ్‌తో విడుదల చేయాలనుకుంటే మాత్రం ఇది చాలదు. మొదటిరోజే మల్టీలోడర్ టెంప్లేట్ తీసుకోండి, మధ్యలో మారడం చాలా పని.