పదిహేనేళ్ల పిల్లాడికి విచర్ 3, డయాబ్లో 4, ఎల్డెన్ రింగ్: ఏది మేలు?

పదో తరగతి పరీక్షలు అయిపోయాక మా మేనల్లుడు ఒక్కటే అడిగాడు, గేమ్ కావాలని. వాళ్లది రాజోలు దగ్గర, కొబ్బరితోట మధ్యలో ఇల్లు. వాడు చూపించిన ట్రైలర్లు చూసి మా చెల్లెలు హడలిపోయి నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, అంతా నరుక్కోవడమే. నాకే కడుపులో తిప్పింది. నువ్వు ఆడినవే కదా, ఏది ఇవ్వచ్చో నువ్వే చెప్పు" అంది.

వాడు అడిగినవి మూడు: 2015లో వచ్చిన ది విచర్ 3, 2022 నాటి ఎల్డెన్ రింగ్, 2023లో వచ్చిన డయాబ్లో 4. మూడూ డార్క్ ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేములే, అంటే రాక్షసులుండే భయంకరమైన కల్పిత లోకంలో ఒక పాత్రగా మారి ఆడేవి. అమెరికాలో రేటింగ్ ఇచ్చే ఈఎస్ఆర్‌బీ మూడింటికీ 'ఎమ్' ఇచ్చింది, అంటే 17 ఏళ్లు, ఆపైన. యూరప్‌లోని పెగీ మాత్రం ఎల్డెన్ రింగ్‌కి 16, మిగతా రెండింటికీ 18 అంది. ఆ లెక్కన మావాడికి ఒక్కటీ రాదు. అయినా 'వద్దు' అని ఊరుకుంటే స్నేహితుడి ఇంట్లో ఆడతాడు, అప్పుడు పక్కన ఎవరూ ఉండరు. అందుకే కూర్చుని ఆలోచించాను.

ముందు రక్తం సంగతి. మన పిల్లలు రక్తం చూడనివాళ్లేం కాదు. సంక్రాంతికి బరి దగ్గర కాలికి కత్తి కట్టిన కోడి కూలిపోవడం చూస్తారు. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చిన కథ, నరసింహస్వామి హిరణ్యకశిపుడి పేగులు తీసిన కథ వింటూనే మనమంతా పెరిగాం. ఆ కథలు విన్నప్పుడు పక్కన నాయనమ్మ ఉంది, ఎందుకలా అని అడిగితే చెప్పింది. బరి దగ్గరైతే నాకు రక్తం కంటే చేతులు మారే నోట్లే ఎక్కువ భయం. గేముల్లోనూ నేను చూసేది ఇదే. పిల్లాడు అడిగితే ఇంట్లో జవాబు చెప్పగలమా? వాడి జేబుని, టైముని అది వదిలిపెడుతుందా?

మూడింట్లో నా మనసుకి దగ్గరైంది విచర్ 3. అందులో బ్లడీ బారన్ అనే దొర కథ ఉంది. భార్యా కూతురూ కనబడటం లేదు, వెతికిపెట్టమంటాడు. వెతుకుతూ పోతే తెలుస్తుంది, అతను తాగొచ్చి భార్యని కొట్టేవాడని, ఆమెకి గర్భం పోయిందని. పేరు పెట్టకుండా పాతిపెట్టిన ఆ పిండం పిశాచమై తిరుగుతుంటుంది. ఆటగాడు దాన్ని చంపచ్చు. లేదా ఆ తండ్రి చేతే ఎత్తించి, ఇంటి గుమ్మం దాకా మోయించి, పేరు పెట్టించి గుమ్మం కింద పాతిపెట్టించచ్చు. అప్పుడది ఆ ఇంటిని కాపాడే ఆత్మ అవుతుంది. వర్షంలో ఆ తాగుబోతు తన బిడ్డని పొత్తిళ్లలో పెట్టుకుని నడుస్తుంటే నా గొంతు పట్టేసింది. తాగుడు ఇంటిని ఏం చేస్తుందో మన ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ మన నిర్ణయాలను బట్టి అదే బారన్ ఉరివేసుకునే ముగింపూ ఉంది. పదిహేనేళ్లవాడు రాత్రి ఒంటరిగా అది చూసి పడుకోకూడదు.

పైగా నగ్నత్వం. మొదలవగానే స్నానాల తొట్టి దగ్గర దృశ్యం, ముందుకెళితే శృంగార దృశ్యాలు, వేశ్యాగృహాలు. ఎంత గొప్ప కథైనా, తల్లీ చెల్లెలూ తిరిగే హాల్లో వాడు ఆడలేడు, తలుపేసుకునే ఆడాలి. తలుపేసుకుని ఆడాల్సిన గేమ్ ఈ వయసుకి వద్దని నా మాట.

డయాబ్లో 4 గురించి ఎక్కువ చెప్పను. రాక్షసుల్ని గుంపులుగా నరకడం, పడిన ఆయుధాలు ఏరుకోవడం, ఇంకా మంచివి దొరుకుతాయేమోనని మళ్లీ నరకడం. ఒంటరిగా ఆడినా నెట్ ఉండాల్సిందే, వానపడి కేబుల్ పోతే ఆటా పోయినట్టే. లోపల షాపు ఉంటుంది, కొన్ని నెలలకోసారి కొత్త సీజన్ అంటారు, అది మారగానే కొత్త పాత్రతో మళ్లీ మొదటి నుంచి. షాపులో అమ్మేది వేషాలే, బలం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఖర్చుకీ టైముకీ తల్లిదండ్రులు హద్దు పెట్టే సదుపాయం కూడా ఉంది. కానీ ఇక చాలు అనిపించే చోటు అందులో నాకు కనబడలేదు. ఇంటర్‌లో చేరబోయే పిల్లాడికి అది మంచిది కాదు.

ఎల్డెన్ రింగ్‌లో భయం వేరే రకం. గాడ్రిక్ అనేవాడు ఇతరుల చేతులు నరికి తన ఒంటికి అతికించుకుంటాడు. ఒక కోటలో మనిషి చేతి ఆకారంలో ఉండే జీవాలు వేళ్ల మీద పాకుతూ వస్తాయి. చిన్నపిల్లలు చూస్తే రాత్రి ఉలిక్కిపడి లేస్తారు. అయితే సెట్టింగుల్లో రక్తం కనబడకుండా చేయచ్చు, ఆఫ్‌లైన్‌లో పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లు ఆటలోకి రారు. కరెంటు పోయినా పెద్దగా నష్టం లేదు, ఎప్పటికప్పుడు దానంతటదే సేవ్ అవుతుంది.

అసలు కష్టం కోపం. ఆట కష్టం తగ్గించుకునే ఈజీ మోడ్ లేదు. మార్గిట్ అనే మొదటి పెద్ద శత్రువు కర్ర ఎత్తి, ఒక్క క్షణం ఆగి కొడతాడు. తప్పించుకోవాలని తొందరపడి ముందే పక్కకి దొర్లితే దెబ్బ తగులుతుంది. ఆడించి చూద్దామని నేను వెళ్లిన ఆదివారం మావాడు ఆ ఒక్క దెబ్బకే పదిసార్లు చచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి, బొటనవేలు కంట్రోలర్ మీద వణుకుతోంది. "ఆగు రా, కర్ర దిగేదాకా చూడు" అన్నాను. "చూస్తున్నా మావయ్యా, చెయ్యే ఆగట్లేదు" అన్నాడు. ఆపేసి కాలవగట్టు దాకా నడిచొచ్చాం. సాయంత్రం మళ్లీ కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ దెబ్బ తప్పించుకున్నాడు.

చెల్లెలికి చెప్పింది ఇది: ఎల్డెన్ రింగ్ ఇవ్వు. సిస్టం హాల్లోనే ఉండాలి, ఆఫ్‌లైన్, రక్తం ఆఫ్, వాడి చెల్లెలు నిద్రపోయాకే ఆట. కంట్రోలర్ విసిరిన రోజు ఆట అక్కడితో బంద్. పదమూడు, పద్నాలుగేళ్లవాడైతే ఇదీ వద్దనేవాణ్ని. డయాబ్లో వద్దు. విచర్ 3 ఇంటర్ రెండో ఏడాది పూర్తయి పద్దెనిమిది నిండాక. ఆ బారన్ గుమ్మం దాకా నడిచే ఘట్టం వచ్చినప్పుడు కబురు పెట్టమన్నాను. పక్కన కూర్చుంటాను.