దుబాయ్ ప్యాకేజీ కొంటున్నారా? హోటల్ అసలు ఏ ఊళ్ళో ఉందో ముందు చూసుకోండి

సెలవులకి దుబాయ్ వెళ్దామనుకునే వాళ్ళ కోసం రాస్తున్నా, ముఖ్యంగా వాట్సాప్‌లో తిరిగే పోస్టర్ చూసి అడ్వాన్స్ కొట్టబోతున్న వాళ్ళ కోసం. పైన బుర్జ్ ఖలీఫా, పక్కన ఒంటె, కింద పెద్ద అక్షరాల్లో ఒక రేటు, "అన్నీ కలిపి" అని. ఆ అన్నీలో ఏమేం లేవో మాకు అక్కడ దిగాక ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. ఏజెంట్ పేరు రాయడం లేదు. ఇదే పని చేసేవాళ్ళు బోలెడుమంది, ఒకడి పేరు చెబితే మిగతావాళ్ళు మంచివాళ్ళనుకుంటారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ హోటల్ దగ్గర. వౌచర్ మీద హోటల్ పేరు, కింద "అల్ నహ్దా" అని మాత్రమే ఉంది. మ్యాప్‌లో కొడితే దుబాయ్‌లోనే చూపించింది. కానీ అల్ నహ్దాలు రెండున్నాయి, ఒకటి దుబాయ్‌ది, రెండోది దాన్ని ఆనుకునే ఉన్న షార్జాది. మాకిచ్చింది షార్జాది. ఆనుకునే ఉంది కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. షార్జా వేరే ఎమిరేట్ (మన రాష్ట్రం లాంటిది) అండీ, దుబాయ్ మెట్రో అక్కడిదాకా రాదు, అద్దెలు తక్కువని అక్కడ ఉంటూ దుబాయ్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళంతా పొద్దున అటు, సాయంత్రం ఇటు ఆ రోడ్ల మీదే ఉంటారు, కాబట్టి మనం బుర్జ్ ఖలీఫా చూసి బయల్దేరే టైముకి ట్రాఫిక్ నత్తనడకే. దుబాయ్ టాక్సీ ఎక్కి షార్జా వస్తే మీటర్ మీద అదనంగా 20 దిర్హమ్‌లు వేస్తారు, దారిలో సాలిక్ అనే టోల్ గేటు తగిలితే ఆ టోల్ కూడా మన నెత్తినే. దిర్హమ్ అంటే ఇరవై రూపాయల పైమాటే, లెక్క మీరే వేసుకోండి. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "సార్, షార్జా అయినా దుబాయ్ లెక్కే" అన్నాడు. మరి పోస్టర్ మీద షార్జా అని వేయొచ్చుగా!

హోటల్ దుబాయ్‌లోనే ఉన్నా ఒకటి అడగండి. టూరిజం దిర్హమ్ అని రూముకి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల దాకా, హోటల్ స్థాయిని బట్టి, తీసుకుంటారు. ఇది 2014 నుంచి ఉన్న అసలు ఫీజే, మోసం కాదు, కానీ చాలా ప్యాకేజీల్లో కలపరు, రిసెప్షన్‌లో మనమే కట్టాలి.

ఇక "బుర్జ్ ఖలీఫా విజిట్". ఆ మాటకి అర్థం వ్యాన్ రోడ్డు పక్కన ఆపి, దిగి ఫోటోలు తీసుకోండి అనడం. పైకి, అంటే 124, 125 అంతస్తులకి వెళ్ళాలంటే టికెట్ వేరే, సూర్యాస్తమయం వేళ స్లాట్ అయితే రేటు ఇంకా ఎక్కువ, 148వ అంతస్తు లెక్క మళ్ళీ వేరు. మా అమ్మగారు మెడ నొప్పి పుట్టేలా కింద నుంచి చూసి, "దీనికా ఇంత దూరం తీసుకొచ్చావు" అన్నారు. ప్రోగ్రామ్ కాగితంలో "టికెట్‌తో సహా, ఫలానా అంతస్తు" అని రాసి లేకపోతే అది లేనట్టే అనుకోండి.

మేం వెళ్ళింది జూన్‌లో, పిల్లల సెలవులు అప్పుడే కదా. కాగితంలో గ్లోబల్ విలేజ్ కూడా ఉంది. అది అక్టోబర్ నుంచి వేసవి మొదలయ్యేదాకే నడుస్తుంది, జూన్‌లో గేటుకి తాళం. మిరాకిల్ గార్డెన్ కూడా మండే నెలల్లో మూసేస్తారు. ఈ విషయం ఏజెంట్‌కి తెలియదంటే నేను నమ్మను. చలికాలం ప్యాకేజీ కాగితాన్నే తేదీలు మార్చి మనకి పంపాడంతే.

డెజర్ట్ సఫారీ బాగానే ఉంది, కాకపోతే ఇసుక దిబ్బలకి ముందు ఒక షాపు దగ్గర బండి ఆపి క్వాడ్ బైక్ (ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండి) ఎక్కమని, తలపాగా కొనమని తెగ మొహమాటపెడతారు. అవేవీ ప్యాకేజీలో ఉండవు.

డబ్బు విషయం కాస్త జాగ్రత్తగా చదవండి. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్ళు మన దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) తీసుకుంటే అది మీ పాన్ మీద జమ కావాలి, 26ఏఎస్‌లో, అంటే మీ పేరు మీద జమైన పన్నుల లెక్క చూపే ఫారంలో, కనిపించాలి, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు లేదా రీఫండ్ వస్తుంది. మా బిల్లులో "ట్యాక్స్" అని ఒక లైను ఉంది, పాన్ మాత్రం ఎవరూ అడగలేదు, 26ఏఎస్‌లో ఏమీ లేదు. మరి ఆ డబ్బు ఎక్కడికి పోయినట్టు? పైగా కట్టమన్నది కంపెనీ ఖాతాకి కాదు, ఎవరిదో ఫోన్ నంబర్‌కి. మీకూ అలా అంటే అక్కడితో ఆపేయండి.

ఏజెంట్లు చెప్పనిది ఇంకొకటి: గసగసాలు యూఏఈలో నిషిద్ధం. అక్కడున్న బంధువుల కోసం మసాలా పొడులు కట్టుకెళ్ళేవాళ్ళు గసగసాలు కలవనివే పెట్టుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందులతో కూడా ఇబ్బందే.

నిజానికి సొంతంగా తిరగడం కష్టమేం కాదు. తలకో నోల్ కార్డ్ (డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) తీసుకుంటే మెట్రోలో ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఆడవాళ్ళకీ పిల్లలకీ విడిగా పెట్టె ఉంటుంది (లోపల తినకండి, ఫైన్ వేస్తారు). క్రీక్ (ఊరి మధ్యలోకి వచ్చిన సముద్రపు పాయ) దాటే అబ్రా పడవ ఒక్క దిర్హమ్. మా ట్రిప్ మొత్తంలో అందరికీ నచ్చింది అదే, ఏజెంట్ ప్రమేయం లేనిదీ అదే.

తిరిగొచ్చి డబ్బు అడిగితే "ప్రోగ్రామ్‌లో మార్పులు ఉండవచ్చు" అని అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. అక్కడ మొదట అడిగేవి బిల్లు, వౌచర్, చాట్ స్క్రీన్‌షాట్లే, కాబట్టి ఏజెంట్‌తో నడిపిన మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.