సెల్ఫ్ యాక్సెస్ సెంటర్‌లో ఇంగ్లిష్ లిజనింగ్: చాలాకాలం వాడాక చెబుతున్నా

సెల్ఫ్ యాక్సెస్ సెంటర్ అంటే ఎవరికి వారు సొంతంగా నేర్చుకునే చోటు. ఇక్కడ క్లాసు ఉండదు, పాఠం చెప్పేవాళ్లు ఉండరు, కావాల్సిన ఆడియో మనమే ఎంచుకుని వినాలి. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది గానీ ఎవరైనా గబగబా మాట్లాడితే బుర్రకెక్కదు అనేవాళ్లకి బాగా పనికొస్తుంది, నేనూ ఆ బాపతే. కాకపోతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటే అదే వచ్చేస్తుందనుకుంటే మాత్రం రాదు.

నాకు పనిచేసిన పద్ధతి ఒకటే. నిమిషం నిడివి ఆడియో ముక్క తీసుకుని ట్రాన్స్‌క్రిప్ట్ (ఆడియోలోని మాటలన్నీ రాసి ఉన్న కాగితం) చూడకుండా రెండు మూడుసార్లు విని, వినబడింది వినబడినట్టు కాగితం మీద రాసి, తర్వాత పోల్చి చూడటం. అప్పుడు తెలుస్తుంది, మనకి అందనివి పెద్ద పదాలు కావు, ఆఫ్, టు, హ్యావ్, దెమ్ లాంటి చిన్నవి. మాటల్లో వాటి మీద ఒత్తు పడదు, అచ్చులు నలిగిపోతాయి, 'షుడ్ హ్యావ్' కాస్తా 'షుడవ్' అవుతుంది, 'టెల్ దెమ్' 'టెలెమ్' అవుతుంది. తెలుగులో దాదాపు ప్రతి అక్షరమూ నిండుగా పలుకుతాం కదా, చెవి అక్కడా అదే వెతుక్కుంటుంది. అందని వాక్యాన్ని మళ్లీ మళ్లీ వేసి, దాంతోపాటే పైకి అంటే ఇంకా బాగా పట్టుబడుతుంది, అయితే అందరూ నోరు మూసుకుని కూర్చున్న గదిలో పైకి అనాలంటే మొహమాటం, విడి క్యాబిన్లు ఉన్న సెంటర్ దొరికితే అదృష్టమే.

మెటీరియల్ సంగతికొస్తే, అమెరికా ప్రభుత్వ ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో స్పెషల్ ఇంగ్లిష్ పేరుతో మొదలుపెట్టిన వార్తలు సుమారు 1500 పదాలతో, నెమ్మదిగా సాగుతాయి. మొదట్లో ధైర్యమిస్తాయి, అక్కడే ఆగిపోతే అసలు వేగం ఎప్పటికీ అలవాటవదు. బీబీసీ సిక్స్ మినిట్ ఇంగ్లిష్ నాకు ఎక్కువ నచ్చింది: చిన్నది, సంభాషణలా ఉంటుంది, ట్రాన్స్‌క్రిప్ట్ ఇస్తారు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష లిజనింగ్ ప్రాక్టీస్ పేపర్లు, అంటే 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే, పరీక్ష రాసేవాళ్లకి సరే, మిగతావాళ్లకి ఉత్త టెన్షన్. పైగా జవాబు కరెక్టయినంత మాత్రాన విన్నది అర్థమైనట్టు కాదు, చాలావాటిని ఊహించి పెట్టేయొచ్చు.

చిరాకు పెట్టేవీ ఉన్నాయి. లెవెల్ స్టిక్కర్లని నమ్మలేం, 'ఇంటర్మీడియట్' (మధ్యస్థాయి) అని ఉన్నవాటిలో రెండింటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఒక మాట ఎందుకలా వినబడిందో అడుగుదామంటే ఎవరూ ఉండరు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో మాట కనిపిస్తుంది గానీ కారణం కనిపించదు కదా. సలహాదారు ఉన్న సెంటర్ అయితే మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకుని, మీరు తప్పు రాసుకున్న కాగితాలే పట్టుకెళ్లండి, 'నా లిజనింగ్ వీక్' అని చెబితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. ఈ ఆడియోలన్నీ ఫోన్‌లోనూ దొరుకుతాయి, సలహాదారూ లేక, క్యాబినూ లేకపోతే సెంటర్ దాకా వెళ్లడం దండగ.