1951 షెవర్లే పికప్‌కి ఫోర్ వీల్ డ్రైవ్: చాలా ఏళ్ల వాడకం తర్వాత

నా 1951 షెవర్లే పికప్‌ని ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చి చాలా ఏళ్లయింది కాబట్టి మొహమాటం లేకుండా చెప్పొచ్చు. ఈ బండిలో నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది ముందు యాక్సిల్ కాదు, లో రేంజ్, అంటే వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా వంగి ముందు డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండు) వైపే చూస్తారు, ఫొటోలు కూడా దానికే తీస్తారు. నా చెయ్యి పడేది మాత్రం ట్రాన్స్‌ఫర్ కేస్ లీవర్ మీద. ఇంజన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె అది, లో రేంజ్ ఉండేది అందులోనే.

బండి షెవర్లే 3100, అంటే హాఫ్ టన్ పికప్. వీల్‌బేస్ 116 అంగుళాలు. ముందువైపు కూడా కమాన్ పట్టీల మీద కూర్చున్న ఐ-బీమ్ యాక్సిలే కాబట్టి, ఇండిపెండెంట్ సస్పెన్షన్ (చక్రాలు దేనికవి కదిలేది) ఉన్న తర్వాతి బండ్లకన్నా దీన్ని మార్చడం తేలిక. చిక్కంతా వెనక ఉంది. ఈ మోడల్‌లో గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి కనబడదు. టార్క్ ట్యూబ్ అనే గొట్టంలో తిరుగుతుంది, వెనక యాక్సిల్ తోపు కూడా ఆ గొట్టం మీదుగానే ముందుకు అందుతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేస్ పెట్టాలంటే అదంతా పీకాల్సిందే. అంటే గేర్‌బాక్సూ మారాలి, వెనక యాక్సిలూ మారాలి. ముందు యాక్సిల్ ఒకటి తెచ్చుకుంటే చాలనుకుని దిగేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. అదే ముప్పావు టన్ను 3600 అయితే షాఫ్ట్ మామూలుగా బయటే ఉంటుంది. ఇంకా బండి కొననివాళ్లు అది చూసుకోవడం మంచిది.

1951లో షెవర్లే ఫ్యాక్టరీ నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ లేదు. 1950ల్లో మినియాపొలిస్‌లోని నాప్కో కంపెనీ మార్పు కిట్లు అమ్మేది. 1957 నుంచి అవి షెవర్లే ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చాయి. ఫోర్డు బండ్లకి మార్మన్-హెరింగ్టన్ కంపెనీ 1930ల నుంచే ఈ పని చేసేది. షోలో పెట్టే బండికి నాప్కో సామానే అందం. రోజూ తిప్పే బండికైతే నేను వద్దంటాను, సీళ్ల కోసం వెతకడంతోనే పుణ్యకాలం గడిచిపోతుంది.

నాది 1970ల నాటి షెవర్లే కె10 అనే ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ యాక్సిళ్లతో తయారైంది. ముందు డానా 44 రకం యాక్సిల్, దానికి డిస్క్ బ్రేకులు. వెనక అదే బండి యాక్సిల్. గేరు నిష్పత్తి, అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క, ముందు 4.10, వెనక 4.11. ఈ మాత్రం తేడా పర్వాలేదు, అంతకు మించి ఉండకూడదు. చక్రం బిగించే హబ్ బోల్టులు అసలు బండిలాగే ఆరు, అవి ఉండే వృత్తం కూడా అదే 5.5 అంగుళాలు. అయితే కె10 యాక్సిళ్లు వెడల్పు ఎక్కువ. 31 అంగుళాల టైర్లు మడ్‌గార్డులు దాటి బయటికొచ్చాయి. వానలో బురదంతా తలుపుల మీదకీ, సైడు అద్దాల మీదకీ కొడుతుంది. అద్దం దించుకుని నడిపితే చొక్కా సంగతి మర్చిపోవాల్సిందే.

ట్రాన్స్‌ఫర్ కేస్ ఎన్‌పీ 205, డివోర్స్డ్ రకం. అంటే గేర్‌బాక్స్‌కి అంటుకుని ఉండదు, వెనక విడిగా చాసిస్‌కి వేలాడుతుంది. రెంటినీ ఒక పొట్టి షాఫ్ట్ కలుపుతుంది. దీనివల్ల ముందు షాఫ్ట్ పొడుగ్గా, వాలు తక్కువగా వచ్చింది. గేర్‌బాక్స్ దించాల్సి వస్తే 60 కిలోలకు పైగా ఉండే ఆ ఇనప ముద్ద దాని జోలికి రాదు. ఇందులో గొలుసు లేదు, అన్నీ గేర్లే. కాస్త కూత పెడుతుంది, అది లెక్కలోకి రాదు.

గేర్‌బాక్స్ ఎస్‌ఎం 420 రకం. మొదటి గేరు నిష్పత్తి 7.05, లో రేంజ్ 1.96, యాక్సిల్ 4.11. మూడూ గుణిస్తే దాదాపు 57, అంటే ఇంజన్ అన్నిసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఇంజన్ 800 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే బండి గంటకి 2 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది, మనిషి నడకలో సగం కూడా కాదు. రాళ్ల దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగొచ్చు. ఒక్కో రాయి మీదకి టైరు ఎక్కడం, దిగడం సీటులో తెలుస్తుంది. నా 235 ఘనపు అంగుళాల సిక్స్ సిలిండర్ ఇంజన్‌కి బలం తక్కువని నవ్వేవాళ్లు ఒకసారి ఇందులో కూర్చుని చూడాలి.

ఇంకో ఉపాయం. ముందు చక్రాలని యాక్సిల్‌తో కలిపే, విడదీసే హబ్‌లు ఉంటాయి. వాటిని ఫ్రీలోనే ఉంచి ఫోర్-లో (నాలుగు చక్రాల లో రేంజ్) వేస్తే, లో రేంజ్ వెనక చక్రాలకు మాత్రమే అందుతుంది. బరువు ట్రైలర్‌ని గట్టి నేల మీద సందులోకి వెనక్కి పెట్టాలంటే ఇంతకన్నా సుఖం లేదు, క్లచ్ కాలదు. కాకపోతే బలమంతా ఒక్క వెనక యాక్సిల్ మీదే పడుతుంది కాబట్టి నిదానంగా తొక్కాలి.

హబ్‌లు లాక్ చేసి పొడి తారు రోడ్డు మీద తిప్పితే ఏమవుతుందో కొత్తవాళ్లకి చెప్పాలి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. ముందు వెనక యాక్సిళ్ల మధ్య ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ తేడా షాఫ్టుల్లో మెలికలా బిగుసుకుంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, టైర్లు కీచుమంటాయి, లీవర్ రెండు చేతులతో లాగినా రాదు. అప్పుడు దాంతో కుస్తీ పట్టకూడదు. బండిని తిన్నగా కొన్ని అడుగులు వెనక్కి పోనిస్తే కింద టక్కుమంటుంది, లీవర్ వేలితో కదులుతుంది.

ఇక స్టీరింగ్. ఈ మార్పులో నాకు నచ్చనిది ఇదొక్కటే. బండి ఎత్తు పెరిగితే స్టీరింగ్ నుంచి చక్రాలకి వెళ్లే కడ్డీ, డ్రాగ్ లింక్, ఏటవాలుగా వస్తుంది. గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే ఓ పక్కకి లాగుతుంది. దానికన్నా మొండిది క్యాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం. హైవే మీద బండి తిన్నగా పోవాలంటే సుమారు 4 డిగ్రీలు కావాలి. చక్రాలని పట్టుకునే నకిల్ కొసలు యాక్సిల్ గొట్టానికి వెల్డింగై ఉంటాయి కాబట్టి, పట్టీల కింద వాలు ఇనప బిళ్లలు పెట్టి యాక్సిల్‌ని తిప్పితే క్యాస్టర్ వస్తుంది గానీ పినియన్ (షాఫ్ట్ తగిలే గేరు) మూతి నేలకి తిరిగి, ముందు షాఫ్ట్ క్రాసుల (వంగే జాయింట్ల) మీద భారం పడుతుంది. సరైన దారి ఆ కొసల వెల్డింగ్ కోసి తిప్పి మళ్లీ అతికించడం. ఇది యాక్సిల్ బండి కిందకి వెళ్లకముందే చేయించాలి. ఎత్తు కూడా టైరు తగలనంత వరకే పెంచాలి. అంతకు మించి పెంచిన ప్రతి అంగుళం ఎక్కడో ఓ జాయింట్‌ని తినేస్తుంది.

షాఫ్టులు కోసిచ్చిన వర్క్‌షాపు ఒక షాఫ్ట్ రెండు చివర్లలో చెవుల్లా ఉండే యోక్‌లనూ ఒకే వరసలో పెట్టకుండా వెల్డింగ్ చేసింది. గంటకి 60 దాటగానే నేల రేకు మీద పాదాలు తిమ్మిరెక్కేవి. అక్కడివాళ్లు టైర్ల మీదకి తోశారు. వేరేచోట కోసి సరిచేయించాక ఆ వణుకు పోయింది. షాఫ్ట్ తీసుకునేటప్పుడు రెండు చివర్ల చెవులూ ఒకే గీతలో ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

బ్రేకుల విషయంలో పీనాసితనం పనికిరాదు. బ్రేకు ఆయిల్‌ని ఒకే లైనులో నెట్టే పాత సింగిల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ తీసేసి, రెండు లైన్ల డ్యూయల్ వేయించాను. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా లేకపోయినా ఆ పని చేయించాల్సిందే.

వేగం గురించి అడుగుతారు. 80 దగ్గర ఇంజన్ 2200 ఆర్‌పీఎం మీద హాయిగా తిరుగుతుంది. అంతకు మించి నేనే పోను. టైర్లు పెద్దవైనందుకు స్పీడోమీటర్ కాస్త తక్కువ చూపిస్తుంది, స్పీడోమీటర్ గేరు మార్పించేదాకా అది గుర్తుంచుకోవాలి. తిరిగే వృత్తం కూడా పెరిగింది, మునుపు ఒక్క ఊపులో తిరిగిన చోట ఇప్పుడు ఓసారి రివర్స్ వేయాలి.

నిర్వహణ పెద్దగా ఏం లేదు. క్రాసులకి గ్రీజు, 205లో 80డబ్ల్యూ-90 ఆయిల్, నీళ్లలో దిగి వచ్చాక హబ్‌లు విప్పి చూడటం. చేత్తో తిప్పే ఆ హబ్‌లను బురదలో దిగబడ్డాక కాదు, తారు రోడ్డు వదిలే ముందే లాక్ చేసుకోవాలి. నెలకోసారి లాక్ చేసి కాసేపు మట్టి దారిలో నడిపితే ముందు డిఫరెన్షియల్‌లో గేర్లకి ఆయిల్ అందుతుంది. 205 వెనక సీలు మాత్రం ఎప్పుడూ కాస్త చెమ్మగానే ఉంటుంది. రెండుసార్లు మార్పించినా మళ్లీ అంతే, ఇక దాన్ని వదిలేసి కింద ట్రే పెట్టుకున్నాను.