మెరిసే బ్యారెల్ చూసి రైఫిల్ కొనకండి, నేను కొని మోసపోయాను

హ్యూస్టన్ చుట్టుపక్కల వాడిన హంటింగ్ రైఫిల్ కొందామని చూస్తున్న మనవాళ్ళు ముందు ఇది చదవండి. నిన్న సాయంత్రం గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే ఆయన) దగ్గర్నుంచి వచ్చాను. రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

అమ్మినాయన పేరు రాయను. మనవాడే, వయసులో నాకంటే పెద్దవాడు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడ వేటకి వెళ్తున్నాడు. తుపాకుల సంగతి ఏదైనా ఆయన్నే అడగమని చాలామంది చెప్తారు. నేనూ అలాగే వెళ్ళాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, వేసవిలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసైంది. నవంబరు మొదటి శనివారం జింకల సీజన్ మొదలైన రోజే తనని తీసుకెళ్తానని మాటిచ్చాను. భుజానికి పెద్ద దెబ్బ తగలకూడదని .243 విన్చెస్టర్ (తక్కువగా తన్నే తూటా సైజు) రైఫిల్ వెతుకుతుంటే ఈయన దగ్గర ఒక బోల్ట్ యాక్షన్ (వెనక బోల్ట్ అనే కడ్డీని చేత్తో లాగి తోసి తూటా ఎక్కించే రకం) ఉందన్నారు. స్కోప్‌తో కలిపి 600 డాలర్లు. ఫోన్‌లోనే పంపేశాను. కాగితం లేదు, రసీదు లేదు.

ఆ రోజు ఆయన గ్యారేజీలో జరిగింది మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. రైఫిల్ తళతళలాడుతోంది. "పది రౌండ్లు కొట్టినా సరే, ఇంటికి రాగానే గంటసేపు బ్రష్ వేసి తోమందే పక్కన పెట్టను తమ్ముడూ" అన్నాడు. నాకు ముచ్చటేసింది. మా నాన్న సైకిల్ తుడిచినట్టు తుడిచే మనిషి, ఈయన వస్తువు బాగుండక ఏం చేస్తుందనుకున్నాను. అయినా బ్యారెల్ లోపల చూద్దామని, "అన్నా, ఒకసారి బోల్ట్ తీస్తారా?" అని అడిగాను. "అది చక్కగా సెట్ అయి ఉంది, దాన్నెందుకు కదిలించడం? నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. నేను మొహమాటపడి ఊరుకున్నాను. తప్పంతా అక్కడే చేశాను. గుండు బయటికొచ్చే మూతి వైపు నుంచి ఫోన్ లైటు వేసి చూస్తే అద్దంలా ఉంది. తెల్లనివన్నీ పాలేనని నమ్మాను. పైగా తను వాడే క్లీనింగ్ కిట్ కూడా ఉచితంగా చేతిలో పెట్టాడు. మూడు ముక్కలు బిగించే అల్యూమినియం రాడ్, ఒక కంచు బ్రష్. అంతే, బోర్ గైడ్ (రాడ్‌ని బ్యారెల్ మధ్యగా నడిపే గొట్టం) లేదు. ఆ పెట్టె తెరిచిన నిమిషంలోనే నాకు అర్థం కావాల్సింది.

షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాం. వంద గజాలు, సాండ్‌బ్యాగుల మీద పెట్టి, 100 గ్రెయిన్ బరువు గుళ్ళు. అయిదు కొడితే ఆరు అంగుళాల మేర చెదిరాయి. పాప రెండోసారి కొట్టింది, మూడోసారి కొట్టింది. అదే తీరు. తుపాకీ దించి, "సారీ నాన్నా, నాకు సరిగ్గా రావట్లేదు" అంది. కళ్ళల్లో నీళ్ళు. అప్పుడు నేను కూర్చుని కొట్టాను. నావీ అలాగే చెదిరాయి.

స్కోప్ మౌంటు స్క్రూలు బిగించాను. వేరే కంపెనీ గుళ్ళు మార్చాను. గుళ్ళ మీది రాగి లోపల పేరుకుందేమోనని కాపర్ సాల్వెంట్ వేసి చూశాను. గుడ్డముక్క నీలంగా వస్తే రాగి ఉన్నట్టు. తెల్లగానే వచ్చింది. మురికి లేదు, గుళ్ళు మాత్రం ఒక చోట పడవు.

నిన్న గన్‌స్మిత్ దగ్గర తేలింది. ఆ ముసలాయన ముందు బోల్ట్ తీయబోయాడు, రాలేదు. నూనె, సాల్వెంట్, నల్ల మడ్డి అంతా యాక్షన్‌లోకి, అంటే బోల్ట్ ఆడే భాగంలోకి, దిగి గట్టిపడి ఉంది. దాన్ని కరిగించి తీసేసరికి పావుగంట పట్టింది. తర్వాత కేసూ మందూ లేని ఒట్టి గుండు, అంటే తూటా ముందుభాగం మాత్రమే, తీసుకుని బ్యారెల్ మూతిలో పెట్టాడు. మంచి బ్యారెల్‌లో ముక్కు కాస్త దిగి ఆగిపోవాలి. ఇందులో లోపలికంటా జారింది, అటూ ఇటూ కదిలిస్తే వదులుగా ఆడింది. చిన్న కెమెరా లోపలికి పంపి తెర మీద చూపించాడు. మధ్యలో గుండుని గిర్రున తిప్పే రైఫ్లింగ్ గట్లు పదునుగా, బాగానే ఉన్నాయి. మూతి దగ్గర చివరి అంగుళంలో మాత్రం ఒక పక్క గట్లు అరిగి నున్నగా అయిపోయాయి. గుండ్రంగా ఉండాల్సిన మూతి కోలగా సాగింది.

ఆయన ఒక్కటే అడిగాడు: దీన్ని ఎన్నేళ్ళు మూతి వైపు నుంచి తోమారు?

బోల్ట్ తీయడం రాని మనిషి వెనక నుంచి ఎలా శుభ్రం చేస్తాడు? ఇరవై ఏళ్ళూ రాడ్‌ని మూతిలోంచే దూర్చి, ఆనించి, తోసి లాగాడు. అల్యూమినియం మెత్తటిది, గరుకు దుమ్ము దానిలో దిగి ఆకురాయిలా మారుతుంది. రాడ్ కీళ్ళ దగ్గర అంచులు గీరుతాయి. గుండు బ్యారెల్‌ని వదిలే ఆఖరి చోటు ఆ మూతి అంచే, దాన్నే క్రౌన్ అంటారు. అది ఒక పక్క అరిగితే వెనక నుంచి తోసే గ్యాసు ఒక పక్కనుంచి ముందుగా తన్నుకొస్తుంది, గుండు పక్కకి ఒరుగుతుంది. వైట్‌టెయిల్ జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాలకి అటూ ఇటూ. బల్ల మీదే ఆరు అంగుళాలు చెదిరి, చేతుల్లో ఇంకా చెదిరే తుపాకీతో పిల్ల కొడితే జింక కడుపులో గుండు దిగి, పొదల్లోకి పోయి రాత్రంతా నరకం పడి చచ్చేది. ఆ మాట తలుచుకుంటేనే నాకు కడుపులో దేవుతోంది.

ఫొటోలు ఆయనకి పంపాను. తిట్టలేదు. "అన్నా, మూతి అరిగిపోయింది, సగం డబ్బైనా తిరిగివ్వండి" అని మర్యాదగానే రాశాను. ఫోన్ చేశాడు. "నేను దానితో పదిహేను జింకల్ని కొట్టాను. తుపాకీకి ఏ రోగమూ లేదు. అమ్మాయికి చేతకాకపోతే బ్యారెల్ మీద పెడతావేంటి? ఆడపిల్లకి తుపాకీ ఎందుకయ్యా అసలు?" అన్నాడు. స్పీకర్‌లో ఉంది. పాప పక్కనే కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోగా పెట్టేశాడు. తర్వాత పంపిన మెసేజికి ఒక్క టిక్కే, ఇప్పటికీ ఒక్క టిక్కే. డబ్బు పోతే పోయింది, రేపు సంపాదించుకుంటాను. ఆ మాట మాత్రం నేను మర్చిపోను.

గన్‌స్మిత్ మూతి దగ్గర ఒక అంగుళం కోసేసి కొత్త క్రౌన్ తిప్పుతానన్నాడు. 22 అంగుళాల బ్యారెల్ కాబట్టి 21 మిగులుతుంది, అది చాలు. కానీ సీజన్ ముందు అందరి తుపాకులూ ఆయన బల్ల మీదే ఉన్నాయి, మూడు వారాలు పడుతుంది. అంటే మొదటి శనివారం పోయినట్టే.

కొనేవాళ్ళకి చెప్పేది కొంచెమే. బోల్ట్ తీయించి వెనక నుంచి చూడండి. గన్‌స్మిత్ చేత కెమెరా పెట్టించండి, లేదా ఒట్టి గుండు మూతిలో పెట్టి చూడండి. ఏ రాడ్‌తో, ఎటువైపు నుంచి తోమారో అడగండి. "ప్రతిసారీ తోముతాను" అన్నాడని మురిసిపోవద్దు. హంటింగ్ రైఫిల్‌తో ఏడాదికి ఇరవై, ముప్ఫై గుళ్ళు కొడతాం, దానికి వారం వారం బ్రష్ అక్కర్లేదు. వానలో తడిస్తే అదే రోజు పొడి గుడ్డ, తర్వాత పల్చగా నూనె. మన హ్యూస్టన్ తేమకి ఒక్క రాత్రిలో తుప్పు పట్టేస్తుంది, స్పాంజి పెట్టెలో పెట్టి మూయకండి. రాగి తీయడం గుళ్ళు చెదరడం మొదలైనప్పుడు చాలు, అదీ ఒకే ముక్కగా ఉండే కోటింగ్ రాడ్‌తో, బోర్ గైడ్ పెట్టి, వెనక నుంచి ముందుకి. కొట్టే ముందు లోపలి నూనె పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. శుభ్రం చేసిన బ్యారెల్‌తో మొదటి గుండు కాస్త వేరే చోట పడుతుంది, అందుకని వేటకి ముందే రేంజ్‌లో రెండు మూడు కొట్టి జీరో (గురిపెట్టిన చోటే పడుతోందా అని) చూసుకోండి. సైన్యం వదిలించుకున్న పాత మిలిటరీ సర్‌ప్లస్ తూటాలు వాడేవాళ్ళకి ఇది వర్తించదు. వాటి ప్రైమర్ల (మందుని అంటించే చిన్న మూతల) నుంచి బ్యారెల్‌లో ఉప్పు మిగులుతుంది, అదే రోజు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి నూనె రాయాల్సిందే.

ఇంకొకటి రాయడం మర్చిపోయాను. ఆయన దగ్గర .270 సైజు రైఫిల్ కూడా అమ్మకానికి ఉంది, మొన్న హ్యూస్టన్ పక్కనున్న కేటీ వైపు ఒక కుర్రాడు బేరమాడుతున్నాడని విన్నాను. దాన్నీ ఇరవై ఏళ్ళుగా ఆయనే శుభ్రం చేస్తున్నాడు. తమ్ముడూ, ఎవరివో నాకు తెలియదు. డబ్బు పంపేముందు ఆ బోల్ట్ ఆయన చేతే తీయించు.