ఫైర్‌వాల్ బిగించారా? బిల్లు కట్టే ముందు మీ ఫోన్‌లో ఒకసారి చూడండి

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు మిల్లులకు, ఆసుపత్రులకు, స్కూళ్లకు ఫైర్‌వాల్ (ఇంటర్నెట్‌కూ ఆఫీసు కంప్యూటర్లకూ మధ్య కాపలా కాసే పెట్టె) పెడతామని తిరిగే డీలర్లు ఈమధ్య ఎక్కువయ్యారు. పెట్టె మంచిదే ఇస్తారు, బిగించే తీరే కొంప ముంచుతుంది. మిర్యాలగూడలో మా రైస్ మిల్లు ఆఫీసుకు ఒక డీలర్ చేసిపోయిన పని చూశాక రాస్తున్నాను.

మా దగ్గర ట్యాలీ సర్వర్, కాటా కంప్యూటర్, కెమెరాల డీవీఆర్ ఉన్నాయి. ఫైర్‌వాల్ పెట్టిన రోజే సేటు ఫోన్‌లో కెమెరాలు రావడం ఆగిపోయింది. దానికి ఫైర్‌వాల్‌లో రూలు (దేన్ని రానివ్వాలో చెప్పే సెట్టింగు) రాయాల్సిన మనిషి, ఇంటర్నెట్ రౌటర్ నుంచి ఇంకో కేబుల్ లాగి ఫైర్‌వాల్‌ను దాటేసి, నేరుగా మా కంప్యూటర్లన్నీ కలిసే స్విచ్ పెట్టెలో గుచ్చాడు. కెమెరాలు వచ్చేశాయి, అందరూ ఖుషీ. తలుపుకు తాళం వేసి పక్కన గోడ పగలగొట్టినట్టు అయింది.

ఇది బయటపడింది ప్రింటర్ వల్ల. ఒక కంప్యూటర్‌కు దొరుకుతుంది, పక్కదానికి దొరకదు. ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో కంప్యూటర్‌కు ఉండే నంబర్లు) చూస్తే సగం వాటికి 192.168.1తో, మిగతావాటికి 10తో మొదలవుతున్నాయి. అంటే రౌటర్, ఫైర్‌వాల్ రెండూ ఒకే స్విచ్‌లోకి అడ్రస్‌లు పంచుతున్నాయి. మీరూ ఫైర్‌వాల్ పవర్ తీసేసి చూడండి. ఏ కంప్యూటర్‌లోనైనా ఇంకా నెట్ వస్తుంటే ఆ పెట్టె ఉత్త అలంకారమే. (కొన్ని పెద్ద మోడళ్లలో పవర్ పోయినా నెట్‌ను దాటించే బైపాస్ పోర్టులుంటాయి, అవి వేరు.)

అసలు టెన్షన్ పెట్టింది ఇంకోటి. మాకు స్టాటిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో ఎప్పుడూ మారని నంబరు) ఉంది. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆ నంబరు బ్రౌజర్‌లో కొడితే ఫైర్‌వాల్ లాగిన్ పేజీ తెరుచుకుంది! వాన్ పోర్టు (ఇంటర్నెట్ వైపు పోర్టు) మీద హెచ్‌టీటీపీఎస్, ఎస్‌ఎస్‌హెచ్ అనే రెండు లాగిన్ దారులూ తెరిచే ఉంచాడు, తను ఇంట్లో కూర్చుని సర్వీస్ చేసుకోవడానికట. ఫైర్‌వాల్ లాగ్ (అందులో జరిగినవన్నీ రాసుకునే చిట్టా) తీస్తే అడ్మిన్, రూట్, టెస్ట్ పేర్లతో ఎవరెవరో లాగిన్‌కు ప్రయత్నించి ఫెయిలైన వరసలే. పాస్‌వర్డ్ గట్టిదైతే చాలనుకోకండి. 2022లో ఫోర్టినెట్ అనే ఫైర్‌వాల్ కంపెనీ పరికరాల్లో బయటపడిన ఒక లోపంతో పాస్‌వర్డ్ లేకుండానే అడ్మిన్ పనులు చేసేయగలిగారు. అలా దోచిన దాదాపు 15 వేల పరికరాల సెట్టింగులను 2025 జనవరిలో నెట్‌లో పెట్టేశారు. మాది ఆ కంపెనీది కాదు, కానీ ఏ కంపెనీదైనా లాగిన్ పేజీ బయటికి కనిపించకూడదు.

తెలిసిన కుర్రాడిని పిలిచి సరిచేయించాం. అదనపు కేబుల్ పీకేశాడు. వాన్ మీద మేనేజ్‌మెంట్ (ఫైర్‌వాల్ సెట్టింగుల్లోకి వెళ్లే దారి) మొత్తం ఆపి, లోపల ఒక్క కంప్యూటర్ ఐపీ నుంచే తెరుచుకునేలా పెట్టాడు. బయటి నుంచి కావాలంటే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే భద్రమైన దారి). ఈ మార్పులు మాత్రం ఆఫీసులో కూర్చునే చేయించండి, కన్సోల్ కేబుల్ (కంప్యూటర్‌ను నేరుగా ఫైర్‌వాల్‌కు కలిపేది) దగ్గర ఉంచుకుని. బయటి నుంచి లాగినై వాన్ యాక్సెస్ ఆపితే ఆ క్షణమే మనకే లోపలికి దారి మూసుకుపోతుంది.

డీలర్‌కు ఫోన్ చేస్తే, "అందరికీ ఇట్లనే పెడతాం సార్" అన్నాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే వారంటీ పోతుందని బెదిరించాడు. వారంటీ ఇచ్చేది పెట్టె తయారుచేసిన కంపెనీ, డీలర్ కాదు. చివరి వాయిదా ఇచ్చే ముందే పాస్‌వర్డ్, సెట్టింగుల బ్యాకప్ ఫైలు తీసుకోండి, సీరియల్ నంబరు ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టరైందో చూడండి. మాది ఆయన ఈమెయిల్ మీదే ఉంది, మార్పించేదాకా మిగతా డబ్బు ఆపేశాం.