జెమ్‌లో ఆరేళ్లు: ఆర్డరు సులువే, డబ్బు చేతికి రావడమే కష్టం

విజయనగరం శివార్లలో మాది చిన్న షెడ్డు. స్టీలు బీరువాలు, ర్యాకులు, ఆఫీసు టేబుళ్లు చేస్తాం. నాతో కలిపి ఏడుగురం. 2019లో గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్‌లో, అదే ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్‌లో సరుకు కొనే సైటు, అందరూ జెమ్ అంటారే, అందులో చేరాను. రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో టెండర్లు పిలిచే ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో అంతకుముందే ఖాతా ఉంది. రెండూ వాడాక నా మాట ఇది: కొత్త ఆర్డర్లు కావాలంటే జెమ్ మంచిదే. కానీ మూడు నెలలు షెడ్డు నడిపే డబ్బు చేతిలో లేకపోతే పెద్ద బిడ్ల జోలికి పోవద్దు.

ఇదివరకు ప్రభుత్వ ఆఫీసుకి బీరువా అమ్మాలంటే మూడు కొటేషన్లు ఉండాలి. లెటర్‌హెడ్లు మూడు, చేతిరాత మాత్రం ఒకటే. ఆ చేతిరాత నాది కాదు కాబట్టి ఆర్డరూ నాకు వచ్చేది కాదు. జెమ్‌లో నాకు వచ్చిన మొదటి ఆర్డరు నాలుగు ర్యాకులు. అదీ అంతకుముందు నన్ను గేటు దగ్గరే పంపించేసిన ఆఫీసు నుంచి! అప్పట్లో రూ.25,000 లోపు సరుకుని పోటీ లేకుండా నేరుగా కొనొచ్చు. అక్కడ ఎవరికీ నా ముఖం తెలియదు, కంప్యూటర్‌లో నా ర్యాకు కనిపించింది, అంతే.

చేరడం కష్టం కాదు. ఆధార్, పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా చాలు. అసలు పని కేటలాగు దగ్గరే. షీటు మందం, అరలు, రంగు, పూత, అన్నీ వాళ్లిచ్చిన లిస్టులోంచే ఎంచుకోవాలి. మేము గేజుల్లో మాట్లాడతాం, అక్కడ మిల్లీమీటర్లు అడుగుతారు. ఒకసారి తొందర్లో మందం ఎక్కువ పెట్టేశాను. సరుకు దించాక అక్కడి గుమస్తా స్క్రూగేజీ తెచ్చి తలుపు అంచున పెట్టి చూశాడు. ఐదు బీరువాలు వెనక్కొచ్చాయి. తప్పు నాదే.

రివర్స్ ఆక్షన్ సంగతి విడిగా చెప్పాలి. అందరూ ధరలు వేశాక మళ్లీ ఆన్‌లైన్‌లో పోటీపడి తగ్గించుకుంటూ పోవాలి. చివరి నిమిషాల్లో ఎవరైనా తగ్గిస్తే టైము ఇంకా పెరుగుతుంది. మొదటిసారి కూర్చున్న రోజు భోజనానికి కూడా లేవలేదు. వంద తగ్గిస్తే అవతలివాడు నూటయాభై తగ్గిస్తాడు. మా అబ్బాయి వెనక నిలబడి, "ఏటి నాన్నా, ఇంక షీటు డబ్బులైనా మిగలవు, ఆపేయ్" అన్నాడు. ఆపలేదు. గెలిచాను, ఆ ఆర్డర్లో నష్టపోయాను. ఇప్పుడు ముందే కాగితం మీద ఒక ధర రాసి గోడకి అంటిస్తాను. దానికంటే కిందకి పోను.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, ఉంటే లాభం ఉంది. బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్టు, ఈఎండీ, కట్టక్కర్లేదు. పెద్ద కంపెనీ ఎల్1గా, అంటే అందరికంటే తక్కువ ధరతో, వచ్చినా మన ధర దానిమీద 15 శాతం లోపే ఎక్కువుంటే, వాళ్ల ధరకే ఇస్తామని ఒప్పుకొని కొంత ఆర్డరు తెచ్చుకోవచ్చు. అయితే ఇది తయారుచేసేవాళ్లకి, సేవలిచ్చేవాళ్లకే. మా వీధిలో ఫర్నిచర్ షాపాయన "నాకూ ఉద్యమ్ ఉంది కదా" అని నాతో వాదనకి దిగాడు. కొని అమ్మేవాళ్లకి ఈ సౌకర్యం లేదు.

రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003 నాటిది, ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. అందులో పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్ లేకపోతే అడుగు ముందుకు పడదు. ఒక టెండరు ఆఖరి రోజు నా టోకెన్ గడువు అయిపోయిందని తెలిసింది. రెన్యువల్‌కి వీడియో వెరిఫికేషన్ కావాలి, ఆ సాయంత్రానికి అవ్వలేదు. అప్పటి నుంచి గడువు తేదీ క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో రాస్తున్నాను.

ఇక డబ్బులు. సరుకు అందాక పది రోజుల్లో పుచ్చుకున్నవాళ్లు క్రాక్ అనే అంగీకార పత్రం ఆన్‌లైన్‌లో ఇవ్వాలి, ఆ తర్వాత పది రోజుల్లో చెల్లింపు. కాగితం మీద ఎంత బాగుందో! 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఒక ఆర్డరు పార్వతీపురం వైపు పంపాను. సరుకు దిగింది, కానీ ఐడీ ఉన్న ఆఫీసరు బదిలీ అయిపోయారు, కొత్తాయనకి లాగిన్ రాలేదు. బీరువాల్లో ఫైళ్లు కూడా సర్దేసుకున్నారు, క్రాక్ మాత్రం లేదు. నేను నాలుగుసార్లు బస్సెక్కి వెళ్లాను. "అంతా ఆన్‌లైనే కదండీ, మీరెందుకొచ్చారు?" అని అడిగారు. టీ ఇచ్చారు, అది నిజమే. డబ్బు నాలుగు నెలలకి పడింది. ఈలోగా షీటు వ్యాపారికి వడ్డీ కట్టింది నేను.

చట్టం ప్రకారం చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. నేను చేయలేదు. మళ్లీ అదే ఆఫీసు బిడ్ పెడుతుందేమోనని భయం. చేసినవాళ్లెవరైనా ఉంటే, ఆ తర్వాత వాళ్ల దగ్గర నుంచి ఆర్డర్లు వచ్చాయో లేదో చెప్పండి.

ఇప్పుడు బిడ్ కనిపిస్తే ధర కంటే ముందు సరుకు దించాల్సిన ఊరు చూస్తాను. ఒకే ఆర్డర్లో సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం అని మూడు చోట్లుంటే వదిలేస్తాను. రవాణా కూడా మన ధరలోనే కలిపి ఇవ్వాలి మరి.